మురుగుగోతిలో దాగిన విషవాయువు

ఇటలీ దేశపు ఉత్తరభాగమున మోదెనా అను పట్టణము కలదు. పదునేడవ శతాబ్దము చివరి దినములలో ఆ పట్టణము విస్తీర్ణమున చిన్నది, జనము మాత్రము ఎక్కువ. ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని, అంతస్తుమీద అంతస్తుగా లేచియుండెడివి. మరుగుదొడ్ల మలినమంతయు ఇంటి అడుగుననున్న గోతిలో చేరెడిది. మూడేండ్లకొకమారు ఆ గోతులను ఖాళీ చేయించుట అచ్చటి ఆచారము. ఆ పనికై కొందరు కూలివారు ప్రత్యేకముగా నుండెడివారు.

ఆ ఊరనే బెర్నార్దినో రామజ్జీని అను వైద్యుడు కాపురముండెను. ఆయన 1633లో, సమీపముననున్న కార్పి పట్టణమున జన్మించి, పార్మాలో చదువుకొని, 1682 నుండి మోదెనాలో వైద్యశాస్త్రము బోధించుచుండెను. ఒకనాడు ఆయన ఇంటి గోతికి వంతు వచ్చినది. పనివాడు గోతిలోనికి దిగెను. ఇట్టి సమయమున గృహస్థులు ముక్కు మూసికొని దూరముగా తొలగిపోవుట లోకమున సహజము. ఈయన తొలగిపోలేదు, గట్టున నిలిచి చూచుచుండెను. ఆ పనివాడు ఎవరో తరుముచున్నట్లు పనిచేయుచుండెను. క్షణమైనను ఆగుట లేదు. ముఖమున భయము కనబడుచున్నది. వైద్యునికి జాలి కలిగి, ఇంత తొందర ఎందుకు, నెమ్మదిగా చేసికొనిన అలసట తగ్గును గదా అని అడిగెను.

అతడు తల పైకెత్తి చెప్పిన జవాబు రామజ్జీనిని జీవితాంతము వెంటాడినది. అందులో దిగినవానికి తప్ప ఆ బాధ తెలియదనియు, నాలుగు గంటలకు మించి అచ్చట నుండుట కండ్లు పోగొట్టుకొనుటతో సమానమనియు దాని సారాంశము. అతడు పైకి వచ్చిన పిమ్మట వైద్యుడు అతని కండ్లు పరీక్షించి చూచెను. అవి నెత్తురువలె ఎర్రబడి, మసకబారి యుండెను. దీనికి మీరేమి మందు వాడుదురని అడిగెను. మందేమియు లేదు; తిన్నగా ఇంటికి పోయి, చీకటిగదిలో తలుపు వేసికొని మరునాటివరకు ఉందుము, గోరువెచ్చని నీటితో అప్పుడప్పుడు కండ్లు కడుగుకొందుము, దానితో మంట కొంత తగ్గునని అతడు చెప్పెను. గొంతు మండునా? ఊపిరి ఆడదా? తలనొప్పి వచ్చునా? ఆ దుర్గంధమునకు ముక్కు బాధపడునా? వైద్యుడు వరుసగా ప్రశ్నించెను. అవేవియు లేవు, కండ్లకే కీడు అని చెప్పి, అతడు రెండు చేతులతో కండ్లు కప్పుకొని ఇంటిదారి పట్టెను.

ఆ తరువాత రామజ్జీని వీధులలో బిచ్చమెత్తువారిని పరికించి చూడసాగెను. వారిలో చూపు సగము పోయినవారు, పూర్తిగా పోయినవారు కొందరు ఒకప్పుడు మురుగుగోతులలో దిగినవారే అని ఆయన తెలిసికొనెను. అంతవరకు వారిని ఆయన ఎన్నిమార్లు దాటిపోయెనో!

ఈ చిన్న ప్రశ్నోత్తరమే తన గ్రంథమునకు మూలమైనదని ఆయనయే వ్రాసికొనియున్నాడు. 'దే మోర్బిస్ ఆర్టిఫికుమ్ దియాత్రిబా', అనగా పనివారి వ్యాధులను గూర్చిన ప్రసంగము, 1700లో మోదెనాలో లాటిను భాషయందు అచ్చైనది. నలువదికి పైగా వృత్తులను, వాటి వలన కలుగు రోగములను అందు వివరించెను. ఆ యేడే ఆయన పాదువా విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడుగా పోయెను. 1713లో మరికొన్ని వృత్తులను చేర్చి రెండవ కూర్పు వెలువరించి, మరుసటి సంవత్సరము మరణించెను. గనులలో పనిచేయువారు, కుమ్మరులు, చాకలివారు, మంత్రసానులు, అచ్చొత్తువారు, లేఖకులు ఒకరిని విడువలేదు. రోగి యొద్దకు పోయినపుడు హిపోక్రటీసు కాలమునుండి వైద్యులు అడుగుచు వచ్చిన ప్రశ్నలకు తోడు మరియొక ప్రశ్న అడుగవలెనని ఆయన బోధించెను: నీవు ఏమి పని చేయుదువు? నేటి వృత్తివ్యాధుల శాస్త్రమునకు ఆయనను పితామహునిగా చెప్పుట ఇందుకే.

రామజ్జీని పేరు వైద్యకళాశాలలలో నిలిచినది. ఆ గోతిలోని మనిషి పేరు ఎవరును వ్రాసియుంచలేదు. ఆ సంభాషణలో రోగలక్షణములు చెప్పినవాడు, కారణము చెప్పినవాడు, గడువు చెప్పినవాడు, చికిత్స చెప్పినవాడు అతడే. వైద్యుని ఘనత అడుగుటయందును, విన్నదానిని నమ్ముటయందును ఉన్నది. అదియును తక్కువ ఘనత కాదు. విశ్వవిద్యాలయాచార్యుడు మురుగుగోతి పనివానిని గురువుగా గ్రహించుట ఏ శతాబ్దమునందైనను అరుదే.

కారణము విషయమున రామజ్జీనికి ఒక జాడ మాత్రము దొరికినది. ఈ పనివారి జేబులలోని వెండినాణెములు, రాగినాణెములు నల్లబడుట ఆయన గమనించెను. గోతిని కలచినపుడు ఏదో తీక్ష్ణమైన ఆవిరి లేచి, లోహమును నల్లబరచుచున్నది, కంటిని కాల్చుచున్నది అని ఊహించెను. ఆ ఆవిరి యేదో చెప్పుటకు ఆనాటికి రసాయనశాస్త్రము ఇంకను పసిబిడ్డ. పనివారు ముఖమునకు పలుచని పారదర్శకమైన తిత్తి కట్టుకొనవలెననియు, గోతిలో కొద్దిసేపే ఉండవలెననియు, కంటిచూపు బలహీనమైనవారు ఈ వృత్తి మానవలెననియు సలహా చెప్పి ఊరకొనెను. మానినచో ఏమి తిని బ్రతుకవలెనో ఆ సలహాలో లేదు.

ఆ ఆవిరిని ఉన్నతపాఠశాల విద్యార్థులు ఎరుగుదురు. ఫెర్రస్ సల్ఫైడు ముక్కలపై సజల ఆమ్లము పోసినపుడు కిప్ పరికరమునుండి వెలువడు కుళ్లిన కోడిగ్రుడ్ల వాసనయే అది. దాని పేరు హైడ్రొజన్ సల్ఫైడు. ఉదజని పరమాణువులు రెండు, గంధక పరమాణువు ఒకటి కలిసిన వాయువు. స్వీడను దేశపు మందుల దుకాణదారుడైన షీలే 1777లో దీని గుణములను వర్ణించెను. వెండి దీనితో కలిసి నల్లని సిల్వర్ సల్ఫైడుగా మారును. మన ఇండ్లలో వెండి కుంకుమభరిణెలు, మట్టెలు కొన్నాళ్లకు నల్లబారుటకు గాలిలో లేశమాత్రముగా నుండు ఈ వాయువే ముఖ్యకారణము. ఇంట కొన్ని నెలలకు జరుగు పని గోతిలో దిగినవాని జేబులో కొన్ని గంటలలో జరిగినదన్న మాట. లెడ్ అసిటేటు ద్రావణములో తడిపిన కాగితము దీని సమక్షమున నల్లబడుననునది ప్రయోగశాలలో అందరును చేసి చూచిన పరీక్షయే. రామజ్జీని చూచిన నాణెము ఆ కాగితమునకు పూర్వికురాలు.

మరి కన్నులకే కీడు ఏల? కనుగ్రుడ్డుపై ఎల్లప్పుడును పలుచని తడిపొర యుండును. వాయువు ఆ తడిలో కరిగి, నల్లగ్రుడ్డుపైని స్వచ్ఛమైన పొరను, తెల్లగ్రుడ్డును కప్పియుండు పొరను రేపును. వాయువు స్వల్పముగా నుండి, మనిషి అందులో గంటలతరబడి యున్నపుడు ముందుగా బాధపడునవి కన్నులే. ఎరుపు, మంట, ఇసుక పడినట్టి నొప్పి, వెలుతురును చూడలేకపోవుట, దీపముల చుట్టును రంగుల వలయములు కనబడుట దీని లక్షణములు. కృత్రిమపట్టు కర్మాగారములలో పనిచేయువారికిని ఇరువదవ శతాబ్దమున ఇదే బాధ వచ్చినది. మోదెనా పనివాడు చీకటిగదిలో కూర్చుండుట, గోరువెచ్చని నీటితో కడుగుకొనుట నేటి వైద్యుడు విన్నను తప్పుపట్టడు. ఒకటి రెండు దినములలో కన్ను కోలుకొనును. కాని అది కోలుకొనకముందే మరియొక ఇంటి గోతికి వంతు వచ్చును. బిచ్చగాండ్ర వరుస అట్లు పెరిగినది.

ఇంతవరకు చెప్పినది ఈ వాయువు యొక్క సాధుస్వభావము.

పారిస్ నగరమున గోతులెత్తువారి భాషలో రెండు మాటలుండెడివి. ఒకటి 'మిత్'. అది కంటిజబ్బు, మనము ఇంతకుముందు చూచినదే. రెండవది 'ప్లోంబ్', అనగా సీసము. గోతిలో నున్న మనిషి ఉన్నట్లుండి, రొమ్మున సీసపుదిమ్మె పడినట్లు కూలిపోవుటకు వారు పెట్టిన పేరు అది. పండితులకన్న ముందుగా పనివారే ఈ రెండింటిని వేరుగా గుర్తించి పేర్లు పెట్టుట గమనింపదగినది. ఒకే వాయువు కొద్దిగా నున్నపుడు మొదటిది, అధికముగా నున్నపుడు రెండవది.

పదునెనిమిదవ శతాబ్దము చివర పారిస్ శాస్త్రజ్ఞులు ఈ సంగతిని విచారించిరి. గోతిలో ఒక విధమైన వినిగరు చల్లినచో విషము విరిగిపోవునని ఒకాయన ప్రకటించగా, 1782లో పండితుల యెదుట దానిని పరీక్షించి చూచిరి. వినిగరు గోతియొద్ద పనిచేయలేదు. పరీక్ష నడుచుచుండగనే పనివాడు మూర్ఛిల్లి గోతిలో పడెను. వాసన మారిన విషము పోయినట్లే అని భ్రమించుట అంత ప్రమాదకరము. నేడును ఫినాయిలు చల్లి, వాసన తగ్గినదని గుంటలో దిగువారికి ఈ కథ చెప్పవలసియున్నది. ఆ పరీక్షను గూర్చియు, గోతుల గాలిని గూర్చియు హాలే అను వైద్యుడు 1785లో ఒక గ్రంథము ప్రకటించెను.

అనంతరము ద్యుప్యుత్రేన్ అను శస్త్రవైద్యుడు, తేనార్ అను రసాయనజ్ఞుడు కలిసి ఈ వాయువు ఎంత మోతాదులో ప్రాణము తీయునో కొలిచిరి. 1500 పాళ్ల గాలిలో ఒక పాలున్నచో పిట్ట చనిపోవును. 800లో ఒక పాలున్నచో కుక్క, 250లో ఒక పాలున్నచో గుర్రము చనిపోవును. పాఠకులు ఈ అంకెలను పది లక్షల పాళ్ల లెక్కలోనికి మార్చి చూడవచ్చును: పిట్టకు సుమారు 667, కుక్కకు 1250, గుర్రమునకు 4000. మనిషి 500 నుండి 700 పాళ్లలో తూలి కొద్ది నిమిషములలో పడిపోవుననియు, 1000 పాళ్లు దాటినచో ఒకటి రెండు ఊపిరులకే కూలుననియు నేడు చెప్పుచున్నారు. రెండు వందల యేండ్ల క్రిందటి పరికరములతో చేసిన కొలతలు అంత దూరముగా లేవు. పందొమ్మిదవ శతాబ్దపు మొదటి సంవత్సరములలోనే ఈ విషము పేరు, మోతాదు రెండును ముద్రితమైనవన్న మాట. ఆ తరువాత జరిగిన మరణములకు తెలియమిని కారణముగా చెప్పుటకు వీలులేదు.

కుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చు వాయువును ఎవడైనను ముందే పసిగట్టడా, పారిపోడా అని విద్యార్థి అడుగును. అడుగవలసిన ప్రశ్నయే. పది లక్షల పాళ్ల గాలిలో ఒక పాలులో పదవవంతున్నను మన ముక్కు దీనిని కనిపెట్టగలదు. ఇంత చక్కని కావలివాడు మరియొక విషవాయువునకు లేడు. కాని మోతాదు 100 పాళ్లకు చేరునప్పటికి, కొద్ది నిమిషములలోనే, వాసన తెలుపు నాడి స్తంభించిపోవును. గోతిలోని మనిషికి వాసన తగ్గినట్లు తోచును. గాలి బాగుపడినదని అతడు సంతోషించును. వాస్తవమునకు గాలి అధ్వాన్నమైనది. మోదెనా పనివాడు ముక్కుకు ఏ బాధయు లేదని చెప్పిన మాటలో కొంతభాగమిదియే కావచ్చును.

మరియొక కావలివానిని గూర్చియు హెచ్చరింపవలసియున్నది. పాతబావిలోనికిగాని గోతిలోనికిగాని దిగునపుడు ముందుగా దీపము దించి చూచుట మన పల్లెలలో వాడుక. దీపమారినచో ప్రాణవాయువు చాలదని అర్థము. ఆ మేరకు అది మంచి పరీక్షయే. కాని వెయ్యింట ఒక పాలు హైడ్రొజన్ సల్ఫైడు మనిషిని పడగొట్టును, దీపమును ఆర్పదు. దీపము నిబ్బరముగా వెలుగుచుండగనే మనిషి చనిపోవును. మురుగులో పుట్టు మీథేను కూడియున్నచో ఆ దీపమే ప్రేలుడుకు కారణమగును.

ఈ వాయువు దేహమున చేయు పని సైనైడు చేయు పనివంటిది. మన జీవకణములలో ప్రాణవాయువును ఉపయోగించి శక్తిని పుట్టించు మార్గమున తుదిమెట్టునందు సైటోక్రోమ్ ఆక్సిడేజు అను ఎంజైము కలదు. హైడ్రొజన్ సల్ఫైడు దానిని అడ్డగించును. నెత్తురులో ప్రాణవాయువు నిండుగా నున్నను కణము దానిని వాడుకొనలేదు. కంచములో అన్నముండగా నోరు కట్టివేసినట్లు. మెదడునందు శ్వాసను నడపు కేంద్రము ముందుగా ఆగిపోవును.

ఇది గోతిలో ఎట్లు పుట్టును? మలినములోను, సబ్బునీటిలోను, మామూలు నీటిలోను గంధకము సల్ఫేటుల రూపమున ఉండును. గాలి సోకని అడుగుపొరలలో కొన్ని సూక్ష్మజీవులు ప్రాణవాయువునకు బదులు సల్ఫేటును వాడుకొని బ్రతుకును. అవి విడుచునది ఈ వాయువును. హాలెండు శాస్త్రజ్ఞుడు బైజరింక్ 1895లో అట్టి జీవిని వేరుచేసి చూపెను. పుట్టిన వాయువు బురదలో, పైన కట్టిన తెట్టు క్రింద బుడగలుగా చిక్కుకొని యుండును. గోతి నిశ్చలముగా నున్నంతవరకు పైన నిలిచి చూచువానికి ఏమియు తోచదు. పారతోగాని కర్రతోగాని కలచినపుడు ఒక్కసారిగా పైకి లేచును. శుభ్రపరచు చర్యయే విషమును విడుదల చేయునన్న మాట. అదియును, గాలి యొక్క సగటు అణుభారము 29 కాగా దీనిది 34. గాలికన్న బరువైనది గనుక గోతినుండి సులభముగా వెలికిపోక, మనిషి వంగి పనిచేయు ఎత్తుననే నిలిచియుండును.

ఈ వాయువు తేమగానున్న కాంక్రీటు గోడలపై గంధకికామ్లముగా మారి పెద్ద పెద్ద గొట్టములను తినివేయును. దానికి కారణమైన సూక్ష్మజీవులను పార్కర్ అను శాస్త్రజ్ఞుడు ఆస్ట్రేలియాలో 1945లో కనిపెట్టెను. మురుగుగొట్టము ఎన్ని యేండ్లు మన్నునో ఇంజనీర్లు నేడు లెక్కగట్టి చెప్పగలరు. అదే గాలిలో దిగు మనిషి కంటికి, ఊపిరికి అట్టి లెక్క వేయు అలవాటు చాలచోట్ల ఇంకను రాలేదు.

ఇంగ్లండులో లండను సమీపమున ఈస్ట్ హామ్ అనుచోట మురుగునీటి పంపుల కేంద్రముండెను. 1895 జూలై 1వ తేదీన ఒక పనివాడు బావిలోనికి దిగి పడిపోయెను. అతనిని రక్షించుటకు రెండవవాడు దిగెను, అతడును పడెను. తరువాత మూడవవాడు, నాలుగవవాడు, ఐదవవాడు. ఐదుగురును మరణించిరి. శ్వాసక్రియను గూర్చి గొప్ప పరిశోధనలు చేసిన జె. ఎస్. హాల్డేన్ ఈ ప్రమాదమును విచారించి హైడ్రొజన్ సల్ఫైడు కారణమని తేల్చెను. ఆయన అంతకుముందే, 1887లో, కార్నెల్లీ అను సహచరునితో కూడి మురుగుకాలువల గాలిని పరీక్షించి వ్యాసము ప్రకటించినవాడు. లండనులో పోస్ట్‌మెన్స్ పార్క్ అను చిన్న తోటలో, పరులను కాపాడబోయి ప్రాణములు విడిచిన సామాన్యుల పేర్లతో పింగాణి పలకలు అమర్చిన గోడ యున్నది. ఈస్ట్ హామ్‌లో సహచరుని కొరకు దిగిన నలుగురి పేర్లును అందొక పలకపై కలవు.

వరుసగా దిగి వరుసగా చనిపోవుట ఈ వాయువు విషయమున మరల మరల కనబడు సంగతి. పైనున్నవారికి వాసన పెద్దగా రాదు. లోపలివాడు స్పృహతప్పుట కాలుజారి పడుటవలె తోచును. తోడివానిని వదలి చూచుచు నిలిచియుండుట మనుష్యస్వభావమునకు విరుద్ధము. ఈ మంచిగుణమే ఈ గోతియొద్ద ప్రాణాంతకమగును.

మన దేశపు సంగతి చెప్పునపుడు ఒక భేదమును దాచరాదు. మోదెనాలోను, పారిస్‌లోను ఇది బీదవాని వృత్తి. మన సమాజమున ఇది కొన్ని కులములకు పుట్టుకతోనే అంటగట్టిన పని. తండ్రి చేసిన పని కొడుకు చేయవలెను. తల్లి మోసిన తట్ట కూతురు మోయవలెను. పాకీ అను మాట పనికి పేరై, పిమ్మట మనుష్యులకు పేరై, తిట్టుగా మారినది. కాన ఈ పనివారి బాధను అడిగి తెలిసికొను రామజ్జీనులు మనకు ఆలస్యముగా వచ్చిరి. వచ్చినవారిలోను ముఖ్యులు ఆ యిండ్లలో పుట్టినవారే.

కర్ణాటకములోని కోలారు బంగారుగనుల పట్టణమున చాలకాలముగా తెలుగువారు పలువురు కూలిపనులు చేసికొని బ్రతికిరి. గనికార్మికుల పాయిఖానాలను చేతులతో శుభ్రపరచిన ఒక తెలుగు కుటుంబమున బెజవాడ విల్సన్ జన్మించెను. తన ఇంటివారు ఏమి పని చేయుదురో బాల్యమున ఆయనకు తెలియనీయలేదు. అది తెలిసిన పిమ్మట ఆయన జీవితమంతయు ఆ పనిని నిర్మూలించుటకే వినియోగమైనది. 1990లలో సఫాయి కర్మచారి ఆందోళన్ అను సంస్థ ఏర్పడినది. ఆంధ్రప్రదేశమున ఉన్నతాధికారిగా పనిచేసి, బీదల పక్షపాతిగా పేరుపొందిన ఎస్. ఆర్. శంకరన్ ఆ సంస్థకు అండగా నిలిచెను. విల్సన్‌కు 2016లో మెగసెసే పురస్కారము లభించినది.

చట్టముల సంగతి క్లుప్తముగా చెప్పుదును. ఆంధ్రప్రదేశ్ మొదలైన ఆరు రాష్ట్రముల శాసనసభలు తీర్మానములు చేయగా, చేతులతో మలము ఎత్తించుటను నిషేధించు చట్టమును 1993లో పార్లమెంటు చేసినది. అమలు జరుగుట లేదని 2003లో పైని సంస్థ సుప్రీంకోర్టుకు పోయినది. 2013లో మరియొక చట్టము వచ్చినది. రక్షణసాధనములు లేకుండ మురుగుకాలువలలోను, సెప్టిక్ ట్యాంకులలోను మనుష్యులను దింపుటను ఇది నేరముగా పరిగణించును. 1993 తరువాత ఇట్లు మరణించిన ప్రతి పనివాని కుటుంబమునకును పది లక్షల రూపాయలు ఇవ్వవలెనని 2014 మార్చి 27న కోర్టు తీర్పు చెప్పెను. 2023 అక్టోబరులో ఆ మొత్తమును ముప్పది లక్షలు చేసినది. మరణమునకు వెల పెరుగుచున్నది. మోదెనా పనివాడు చెప్పినట్టి కంటిజబ్బు, చర్మరోగములు, సగము ఆయుర్దాయము ఈ లెక్కలోనికి రావు. అవి పత్రికలలోనికిని రావు.

2015 నవంబరులో కేరళములోని కోళికోడు నగరమున ఆంధ్రప్రదేశమునుండి పొట్టకూటికి పోయిన ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోలులో దిగి పడిపోయిరి. దగ్గరలో నున్న స్థానికుడైన ఒక ఆటోరిక్షా డ్రైవరు వారిని కాపాడుటకై దిగెను. ముగ్గురును మరణించిరి. ఆ డ్రైవరు వారి భాష వాడు కాడు, ఊరివాడు కాడు. ఈస్ట్ హామ్ కథయే నూట ఇరువది యేండ్లకు మరల జరిగినది.

ఈ సంఘటన కేరళములోని కొందరు ఇంజనీరింగు యువకులను కదిలించినది. మ్యాన్‌హోలులోనికి మనిషికి బదులుగా దిగి, కెమెరాతో చూచుచు, లోపలి వాయువులను కనిపెట్టుచు, చేతివంటి సాధనముతో మట్టిని, రాళ్లను ఎత్తు యంత్రమును వారు నిర్మించిరి. 2018లో తిరువనంతపురమున అది పనిలోనికి వచ్చినది. అంతకు ముందటి సంవత్సరమే హైదరాబాదులో ఇరుకుసందులలోనికి పోగల చిన్న జెట్టింగు యంత్రములు ప్రవేశపెట్టబడినవి. ఇవి అధికపీడనముగల నీటిధారతో అడ్డు తొలగించును. పనివాడు యంత్రమును పైనుండి నడపును.

పెద్దనగరముల సంగతి ఇట్లుండగా, చిన్నపట్టణములలోను, గ్రామములలోను ఇంటింటికిని సెప్టిక్ ట్యాంకులు వెలసినవి. వాటి మూతి ఇరుకు, లోతు ఎక్కువ, గాలి ఆడదు. మూడేండ్లకొకమారు మోదెనా గృహస్థునకు వచ్చిన వంతు నేడు మన గృహస్థునకును వచ్చుచున్నది. గొట్టముతో పీల్చు ట్యాంకరు లారీని పిలిచినచో ఎవరును దిగనక్కరలేదు. విధిలేక దిగవలసివచ్చినచో, మూత తీసి మోటారుపంకాతో తాజాగాలి ఎక్కించవలెను. నాలుగు వాయువులను కొలుచు మీటరును త్రాటితో అడుగువరకు దించి చూడవలెను. దిగువానికి బయటినుండి గాలి అందు ముసుగు, నడుమునకు భుజములకు పట్టీలు, వాటికి కట్టిన త్రాడు, పైన కప్పీతోపాటు ఇద్దరు మనుష్యులు ఉండవలెను. ముక్కునకు కట్టిన గుడ్డ దుమ్మును ఆపునుగాని వాయువును ఆపదు. ఒకమారు కొలిచి ఊరకొనరాదు. బురదను కలచిన ప్రతిసారియు అంకె మారును. దిగినవాడు పలుకకున్నచో రెండవవాడు దిగకుండ త్రాడులాగి పైకి తీయవలెను, లేదా 101కు ఫోనుచేసి అగ్నిమాపక దళమువారు గాలిసిలిండర్లతో వచ్చువరకు పంకాను ఆపక నడుపుచుండవలెను.